పిడికిలి బరువెంత? (ఒంటి కొలతలు – 6)



పోయిన భాగంలో ముక్కు గురించి రాశాను. ఈసారి తలల కొలతల మీద రాస్తానని మాటిచ్చాను గానీ మధ్యలో నెల రోజులు అమ్మతో ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. అక్కడ నాకు ఇంకో కొలత ఎదురైంది. తల సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ చెయ్యి.

అమ్మకి కడుపులో గడ్డ. ఆపరేషన్ చెయ్యాలన్నారు. జనరల్ వార్డు, కిటికీ పక్క మంచం. చేరిన రెండో రోజు పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. అందులోంచి ఒక ఇనప పరికరం తీసింది. సైకిల్ బ్రేకు పిడిలాగా ఉంది, పైన గడియారం లాంటి ముఖం, ముల్లు. "పెద్దమ్మా, ఇట్టా కుర్చీలో కూర్చో. మోచెయ్యి పక్కకి ఆనించు. ఇప్పుడు దీన్ని ఎంత గట్టిగా పిసకగలవో అంత గట్టిగా పిసుకు" అంది.

అమ్మ నావైపు చూసింది. "నొప్పి కడుపులో గదా నాన్నా, చెయ్యెందుకు పిసకమంటంది?"

కుడిచేత్తో మూడుసార్లు. 11, 12, 11. ఎడమచేత్తో 10 దాటలేదు. ఆ అమ్మాయి కాగితం మీద 12 అని రాసి, పక్కన ఒక బాణం గుర్తు కిందికి గీసింది. పన్నెండు కిలోలు. యాభై ఏళ్లు నాట్లేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసిన చెయ్యి. నలుగురు పిల్లల్ని లేపిన చెయ్యి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ ముల్లు మీద అనుకుంటా.

అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. నొప్పి కడుపులో ఉంటే చెయ్యెందుకు కొలుస్తారు? అసలు మనుషుల పిడికిలిని కిలోల్లో తూచాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది, ఎవరిని తూచడానికి వచ్చింది? రాత్రిళ్లు వార్డు బయట బెంచీ మీద కూర్చుని చదివిందంతా ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు మన భాషలోంచి ఒక్క మాట. తెలుగులో చెయ్యే కొలత. పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు, జానెడు, మూరెడు, బారెడు. మా ఇళ్లలో ముసలివాళ్లని అడగండి, కూలి గింజలు ఎవరి దోసిలితో కొలిచేవాళ్లో చెబుతారు. కోసినవాడి దోసిలి పెద్దది, కొలిచేవాడి దోసిలి చిన్నది. చేవ అనే మాట చూడండి. చెట్టు లోపలి గట్టి కర్రకీ అదే మాట, మనిషి బలానికీ అదే. డాక్టరుకైతే హస్తవాసి అని ఒక గొప్ప మాట పెట్టుకున్నాం. ఆయన చెయ్యి తగిలితే రోగం పోతుందట. రోగి చేతికి మాత్రం ఏ మాటా లేదు. ఉన్నా నాకు తెలియదు, పీహెచ్‌డీ చేశాను గానీ ఎక్కడా కనపడలేదు.

ఇక కథలోకి.

ఫ్రాన్సులో ఎడ్మ్ రెన్యే అనే తుపాకుల పనివాడు, యంత్రాలు చేసేవాడు ఉండేవాడు. ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్, ఆయన సహచరుడు గెనో ద మొంబెయార్ ఇతన్ని ఒక కోరిక కోరారు: మనిషి బలం ఏ వయసులో ఎంత ఉంటుందో, ఏ స్థితిలో ఎంత ఉంటుందో లెక్కగట్టే పరికరం కావాలి. అంతకుముందు ఇంగ్లండులో ఇలాంటివి ఉండేవి గానీ పెద్ద పెద్ద కర్రచట్రాలు, ఎక్కడికీ మోసుకుపోలేరు. రెన్యే చేసింది చేతిలో పట్టేది. కోడిగుడ్డు ఆకారంలో సాగదీసిన ఉక్కు స్ప్రింగు, దాదాపు అడుగు పొడవు. రెండు చేతులతో పట్టుకుని రెండు పక్కలా నొక్కితే లోపలి ముల్లు తిరుగుతుంది. అదే స్ప్రింగుని కాళ్లకింద కొక్కేనికి తగిలించి నడుముతో పైకి లాగితే నడుము బలం తెలుస్తుంది. గుర్రానికి కట్టి లాగిస్తే గుర్రం బలం తెలుస్తుంది. దీని వివరాలు 1798లో అచ్చయ్యాయి. పేరు డైనమోమీటర్. అంటే బలమానిని.

మనిషికీ గుర్రానికీ ఒకటే పరికరం అన్న దగ్గర నేను కాసేపు ఆగాను. విప్లవం వచ్చి మనుషులంతా సమానం అని ప్రకటించి పదేళ్లు కాలేదు, ఆ దేశంలోనే మనిషినీ పశువునీ ఒకే కొలబద్ద మీద పెట్టారు. అందులో తప్పేముంది, బలం బలమే గదా అనొచ్చు. నిజమే. కానీ పొలంలో ఎద్దుతోపాటు లెక్కలో పడ్డవాళ్ల పిల్లలం మనం. ఆ జాబితా చూస్తే మనకి వేరే సంగతులు గుర్తుకొస్తాయి.

పరికరం తయారైన రెండేళ్లకే అది ఓడెక్కింది. 1800 అక్టోబరులో నికోలా బొదాన్ నాయకత్వంలో రెండు ఓడలు ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవు నుంచి ఆస్ట్రేలియా వైపు బయల్దేరాయి. అందులో ఫ్రాన్సువా పెరోన్ అనే పాతికేళ్ల కుర్రాడు ఉన్నాడు. వైద్యం చదువుతూ మధ్యలో వచ్చాడు. ఆ రోజుల్లో పారిస్‌లో "మనిషిని పరిశీలించేవాళ్ల సంఘం" అని ఒకటుండేది. ఓడలో వెళ్లేవాళ్లకి ఆ సంఘం తరపున దెజెరాందో అనే ఆయన ఒక పెద్ద సూచనల పత్రం రాసిచ్చాడు, అడవి మనుషుల్ని ఎలా గమనించాలి, ఏమేం రాసుకోవాలి అని. వాళ్ల ఒంటి బలం ఎంతో చూడాలన్నది కూడా అందులో ఒకటి.

వెనక ఒక వాదన నడుస్తోంది. నాగరికత మనిషిని బలహీనుణ్ని చేస్తుంది, ప్రకృతిలో బతికేవాడే బలవంతుడు అని రూసో రాసి ఉన్నాడు. అది అబద్ధమని నిరూపించాలని పెరోన్ కోరిక. కొలతకి ముందే జవాబు తెలుసన్నమాట.

1802 తొలి నెలల్లో, ఇప్పుడు టాస్మానియా అంటున్న దీవిలో, వాళ్లు వాన్ డీమెన్స్ లాండ్ అనేవాళ్లు, పెరోన్ అక్కడి ఆదివాసుల చేతుల్లో ఈ స్ప్రింగు పెట్టాడు. తర్వాత ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద, తిమోర్ దీవిలో కూడా. ఫ్రెంచివాళ్లవీ ఇంగ్లిషువాళ్లవీ కొలిచాడు. 1807లో అచ్చయిన పుస్తకంలో పట్టిక వేశాడు. టాస్మానియావాళ్లు సుమారు 50 కిలోలు, ఆస్ట్రేలియావాళ్లు దాదాపు అంతే, తిమోర్‌వాళ్లు 58 పైన, ఫ్రెంచివాళ్లు 69, ఇంగ్లిషువాళ్లు 71. మెట్ల మాదిరిగా. అట్టడుగున అడవివాడు, పైమెట్టు మీద తెల్లవాడు. రూసో ఓడిపోయాడు, నాగరికతే బలమిస్తుంది అని తేల్చాడు.

ఈ పట్టిక మీద నేను చాలాసేపు కూర్చున్నాను. మీరు విద్యార్థులు గనక మీరూ కూర్చోవాలి. కొలిచింది ఎంతమందిని? లక్షల మంది మీద తీర్పు చెప్పడానికి వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందిని. ఆ మనుషులు అట్లాంటి వస్తువు పుట్టి బుద్ధెరిగాక చూసింది లేదు. భాష తెలియదు, సైగలతో చెప్పాలి. ఎదురుగా ఉన్నవాడి జట్టు దగ్గర తుపాకులున్నాయి. ఆ ఉక్కు కొమ్మల మధ్య దూరం పెద్ద చేతులకి ఒక రకంగా, చిన్న చేతులకి ఒక రకంగా పడుతుంది. మనిషి లెక్కల్లో సగటు అనే మాటకి పీట వేసిన బెల్జియం పండితుడు కెట్లే కూడా 1835 నాటికి ఈ పరికరంతో వచ్చే చిక్కుల గురించి రాయాల్సి వచ్చింది.

అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. బరువు తూకం వేరు, పిడికిలి కొలత వేరు. నువ్వు ఇష్టం ఉన్నా లేకపోయినా త్రాసు నీ బరువు చూపిస్తుంది. పిడికిలి బలం మాత్రం నువ్వు ఇవ్వాలి. నువ్వు మనసు పెట్టి పిసికితేనే ముల్లు కదులుతుంది. ఎదుటివాణ్ని నమ్మితేనే చెయ్యి తనకున్నదంతా ఇస్తుంది. పెరోన్ కొలిచింది కండని కాదు, ఆ సముద్రపొడ్డున ఆ నిమిషంలో వాళ్లకి తనమీద ఉన్న నమ్మకాన్ని కూడా కలిపి కొలిచాడు. దానికి కిలోలని పేరు పెట్టాడు.

అన్నట్టు, ఆయన ఎక్కిన ఆ నాగరిక ఓడ 1802 జూన్‌లో సిడ్నీ రేవు చేరేసరికి నావికులు స్కర్వీ రోగంతో తాళ్లు లాగలేని స్థితిలో ఉన్నారు. తాజా కూరా పండూ లేక. తిండి లేకపోతే ఏ జాతి పిడికిలైనా సడలుతుందన్న సాక్ష్యం ఆయన ఓడలోనే పడుకుని ఉంది.

1803లో ఇంగ్లిషువాళ్లు టాస్మానియాలో వలస పెట్టారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, చంపగా, రోగాలు చంపగా, వేలల్లో ఉన్న ఆ ప్రజల్లో మిగిలిన రెండు వందల మందిని పట్టి ఫ్లిండర్స్ దీవికి తరలించారు. అక్కడా చనిపోయారు. టాస్మానియా ఆదివాసులు అంతరించారు అని పుస్తకాలు చాలాకాలం రాశాయి. అది కూడా అబద్ధమే, వాళ్ల వారసులు ఇవాళ్టికీ ఉన్నారు, భూమి అడుగుతున్నారు. కానీ బలహీనులు అన్న పట్టిక ముందు వచ్చింది, చావులు వెనక వచ్చాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి.

తర్వాతి మజిలీ లండన్. 1884, సౌత్ కెన్సింగ్టన్‌లో ఆరోగ్య ప్రదర్శన. ఫ్రాన్సిస్ గాల్టన్ అక్కడ ఒక కొలతల గది తెరిచాడు. మూడు పెన్నీలిస్తే చూపు, వినికిడి, ఊపిరి, ఎత్తు, లాగే బలం, పిడికిలి బలం అన్నీ కొలిచి కార్డు ఇస్తారు. 9,337 మంది డబ్బిచ్చి మరీ కొలిపించుకున్నారు. గుద్దు బలం కొలిచే పరికరాన్ని మాత్రం కుర్రాళ్లు అడ్డదిడ్డంగా గుద్ది విరగ్గొట్టారట. తిరనాళ్లలో మనవాళ్లు సుత్తితో కొట్టి గంట మోగించే ఆట గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత గాల్టన్ లెక్కలు అచ్చేశాడు. పిడికిలి పట్టులో 1,657 మంది ఆడవాళ్లలో అందరికన్నా బలమైనామె 86 పౌన్లు నొక్కింది, అది మగవాళ్లలో మధ్యరకం వాడి బలం అని. దాన్ని పట్టుకుని ఆడవాళ్ల మీద ఒక పరిహాసం కూడా విసిరాడు. ఇతనే అంతకు ఏడాది ముందు, 1883లో, యూజెనిక్స్ అనే మాట పుట్టించాడు. మంచి విత్తనం ఉన్నవాళ్లే పిల్లల్ని కనాలన్న శాస్త్రం. ఆ మాట చివరికి ఎక్కడిదాకా పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

గాల్టన్ దగ్గర మెలిగిన అమెరికావాడు కాటెల్ 1890లో బుద్ధి పరీక్షలంటూ పది పరీక్షలు ప్రకటించాడు. అందులో మొదటిది పిడికిలి బలం! పదకొండేళ్ల తర్వాత అతని శిష్యుడు విస్లర్ కాలేజీ పిల్లల మార్కులతో పోల్చి చూస్తే ఈ పరీక్షలకీ చదువుకీ ఏ సంబంధమూ లేదని తేలింది. శిష్యులంటే అట్లా ఉండాలి.

మన దేశానికి వచ్చేసరికి కొలతగాళ్లకి చేతికన్నా ముక్కు నచ్చింది. రిస్లీ సంగతి పోయిన భాగంలో చెప్పాను. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత కింద అన్నాడు. మద్రాసు మ్యూజియంలో ఎడ్గర్ థర్‌స్టన్ పరికరాలు పెట్టెలో వేసుకుని ఊళ్లు తిరిగాడు. 1909లో ఏడు సంపుటాలు వచ్చాయి. మాల, మాదిగ రెండూ 4వ సంపుటంలో ఉన్నాయి, అక్షరక్రమంలో దగ్గరదగ్గరగా. ఆ పేజీలు చదివిన ప్రతిసారీ నాకు అనిపించేది ఒకటే: ముక్కు కొలవడానికి వీళ్లు మా వాళ్ల మొహాన్ని తాకారు. ఊళ్లో ఎవరూ తాకని మొహాన్ని. ఇనప కొలబద్దతో.

బాబాసాహెబ్ ఈ కొలతలతో ఏం చేశారన్నది మనం తప్పకుండా చదవాలి. ఆయన కొలతల్ని చూసి పారిపోలేదు, బూతులు తిట్టలేదు. వాళ్ల అంకెల్నే తీసుకుని వాళ్ల మీదికే తిప్పారు. 1948లో వచ్చిన అంటరానివాళ్ల పుస్తకంలో, ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతల పట్టికలు ముందుపెట్టి, ఒక్కో ప్రాంతంలో బ్రాహ్మణుడికీ అంటరానివాడికీ ముక్కు కొలత దగ్గరదగ్గరగానే ఉంది గదా, మరి జాతి తేడా ఎక్కడ అని అడిగారు. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, ఇతను ద్రావిడుడైతే అతనూ ద్రావిడుడే. అంతకుముందు 1936లోనే కుల నిర్మూలనలో ఇంకో దెబ్బ కొట్టారు. కులం వల్ల రక్తం శుద్ధిగా ఉంటుంది, జాతి మెరుగవుతుంది అని యూజెనిక్స్ పాఠం అప్పజెప్పే వాళ్లకి ఆయన జవాబు: అదే నిజమైతే ఈ జనాభాలో పదింట తొమ్మిది వంతులు సైన్యానికి పనికిరానంత బక్కగా ఎందుకున్నారు? ఇంగ్లిషు సైన్యం మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు ఇచ్చే అన్నిటికన్నా కింది తరగతి సీ-3. హిందువులంతా ఆ తరగతి అన్నారాయన.

దీంట్లో ఒక చురుకు ఉంది. సైన్యంలో సుబేదారు చేసిన తండ్రి కొడుకు ఆయన. 1890ల మొదట్లో మహార్లు పోరాడే జాతి కాదని సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. అప్పటిదాకా పోరాడినవాళ్ల పిడికిలి ఒక్క కాగితంతో బలహీనమైపోయింది. ఎవరూ ఏ స్ప్రింగూ నొక్కించి చూడలేదు.

ఇంతవరకూ చెప్పిందంతా విని, అయితే ఆసుపత్రిలో ఆ అమ్మాయి చేతిలో ఉన్నది పెరోన్ ఆయుధమే గదా అని మీరనొచ్చు. బెంచీ మీద మొదటి రాత్రి నేనూ అదే అనుకున్నాను. కోపంగా ఒక పోస్టు కూడా సగం రాశాను. తర్వాత చెరిపేశాను.

ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దంలో ఈ పరికరం జాతుల చేతుల్లోంచి రోగుల చేతుల్లోకి మారింది. మారినప్పుడు ప్రశ్న మారింది. పెరోన్ అడిగింది "నువ్వెవరు?" ఆసుపత్రి అడిగేది "నిన్నటికన్నా ఇవాళ ఎట్లా ఉన్నావు?"

అమెరికాలో పోలియో పిల్లల కండరాల్ని లవెట్, మార్టిన్ అనే ఇద్దరు 1915 ప్రాంతంలో స్ప్రింగు త్రాసుతో కొలవడం మొదలుపెట్టారు, ఏ కండరం తిరిగి వస్తోందో తెలుసుకోవడానికి. రెండో ప్రపంచ యుద్ధంలో నరాలు తెగిన సైనికుల కోసం ఇంగ్లండువాళ్లు సున్నా నుంచి ఐదు దాకా ఒక అంచెల లెక్క పెట్టారు, ఇవాళ్టికీ మన డాక్టర్లు కేస్‌షీట్ల మీద అదే రాస్తారు. 1954లో బెక్టాల్ అనే ఎముకల డాక్టరు, పిడి వెడల్పు ఐదు స్థానాల్లో మార్చుకోగలిగే పరికరం గురించి రాశాడు. జామర్ అంటారు. అమ్మ చేతిలో పెట్టింది అదే. చేతిని బట్టి పిడి మారుతుంది, పిడిని బట్టి చెయ్యి మారక్కర్లేదు. నూటయాభై ఏళ్లు పట్టింది ఈ చిన్న సంగతి తట్టడానికి.

మధ్యలో ఒక సంఘటన మన దగ్గరిదే. పాల్ బ్రాండ్ అనే ఎముకల సర్జన్ 1946లో వెల్లూరు వచ్చాడు. కొత్తలో చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి వెళ్లాడు. వేళ్లు వంకర్లు పోయిన ఒక యువకుణ్ని నా చెయ్యి నొక్కు అన్నాడు. ఏముంటుందిలే అనుకున్నాడు. ఆ కుర్రాడు నొక్కితే బ్రాండ్ నొప్పితో అరిచినంత పనయింది. స్పర్శ లేదు గనక ఎంత గట్టిగా నొక్కుతున్నాడో ఆ కుర్రాడికే తెలియదు. అంటే లోపల కండరం బతికే ఉంది! అక్కణ్నించి మొదలై, ముంజేతిలో బాగున్న కండరం తాలూకు స్నాయువుని తెచ్చి వేళ్లకి కుట్టే ఆపరేషన్లు వచ్చాయి. ఎన్నో చేతులు మళ్లీ తెరుచుకున్నాయి. కుష్ఠురోగి చెయ్యి పట్టుకోవడానికి డాక్టర్లు కూడా వెనకాడే రోజుల్లో ఒకడు చెయ్యి చాచాడు కాబట్టి తెలిసిన సత్యం అది. చెయ్యి చాచకపోతే పుస్తకంలో ఆ చెయ్యి చచ్చినట్టే ఉండేది.

నా చిన్నప్పుడు అమ్మకి జ్వరమొస్తే మా ఊరికి దగ్గర్లో ఒక డాక్టరు ఉండేవాడు. అమ్మని గడప అవతల నిలబెట్టి, నాలుక చాపమని, కళ్లు చూసి, మందు రాసిచ్చేవాడు. నాడి పట్టుకోవడం నేను చూడలేదు. అందుకే ఆ ఫిజియోథెరపీ అమ్మాయి పరికరం ఇచ్చేముందు అమ్మ వేళ్లని తన వేళ్లతో ఒక్కొక్కటే సర్ది పిడి మీద పెట్టడం నేను చూస్తూ ఉండిపోయాను. కొలతలో ఇదొక భాగం, నియమాల్లోనే ఉంది. కూర్చోబెట్టాలి, మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచాలి, చెయ్యి సరిగ్గా పెట్టించాలి, మూడుసార్లు చూడాలి, అందరికీ ఒకే మాటలు చెప్పాలి.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి జవాబు. కడుపులో ఆపరేషన్‌కి చెయ్యెందుకు?

1980లో ఇంగ్లండులో క్లిజియన్, ఆయన తోటి సర్జన్లు ఒక విషయం గమనించి అచ్చేశారు. పెద్ద ఆపరేషన్ల తర్వాత ఎవరికి గాయాలు మానక, చీము పట్టి, ఊపిరితిత్తులకి నెమ్ము చేరి ప్రాణం మీదికి వస్తుందో ముందే చెప్పడానికి రకరకాల కొలతలు చూశారు. బరువు, జబ్బ చుట్టుకొలత, చర్మం మడత. అన్నిటికన్నా బాగా పనికొచ్చింది పిడికిలి పట్టు. అదే దశాబ్దంలో టొరంటోలో ఖుర్షీద్ జీజీభాయ్ బృందం అసలు కారణం వెతికింది. మనిషి ఇష్టాయిష్టాల ప్రసక్తి లేకుండా ఉండాలని, మణికట్టు దగ్గర నరానికి కరెంటు ఇచ్చి బొటనవేలిని లోపలికి లాగే చిన్న కండరం ఎట్లా పనిచేస్తోందో కొలిచారు. తిండి తగ్గించగానే, కండ కరగడం కన్నా ముందే, దాని పని దెబ్బతింటోంది. తిండి పెట్టగానే, కండ పెరగడం కన్నా ముందే, తేరుకుంటోంది.

బొటనవేలు! ఏకలవ్యుడి కథని మనం వందసార్లు చెప్పుకుని ఉంటాం. అడిగి కోయించుకున్న బొటనవేలు గురించే చెప్పుకున్నాం. కోయకుండానే, కేవలం తిండి పెట్టకుండా, లక్షల బొటనవేళ్ల బలం తీసేయొచ్చని ఆ ప్రయోగం చెబుతోంది.

అంటే పిడికిలి కడుపుకి సాక్షి. అమ్మ ఒంటి మీద చీర ఉంది, మొహం మీద నవ్వు ఉంది, చూసినవాళ్లు బక్కపల్చటి మనిషి అనుకుంటారు అంతే. ముల్లు మాత్రం 12 దగ్గర ఆగి, ఈమెకి చాలాకాలంగా తిండి సరిపోలేదు అని చెప్పేసింది. మా నలుగురికీ పెట్టి మిగిలింది తినడం ఆమె అలవాటు. మేం ఉద్యోగాల్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. మేం గమనించలేదు. అది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఇక పెద్ద లెక్కలు. 2015లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 17 దేశాలు, దాదాపు లక్షా నలభై వేల మంది, మన దేశంవాళ్లు కూడా ఉన్నారు. సుమారు నాలుగేళ్లు వెంటబడి చూశారు. పిడికిలి బలం ప్రతి 5 కిలోలు తగ్గేకొద్దీ చనిపోయే ప్రమాదం 16 శాతం పెరుగుతోంది. పైబీపీ కన్నా ఇదే చావుని బాగా ముందుగా చెబుతోందన్నారు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే చోట 1930లలో పుట్టిన బిడ్డల బరువులు మంత్రసానులూ నర్సులూ రాసిపెట్టిన పాత పుస్తకాలు దొరికాయి. ఆ బిడ్డలు ముసలివాళ్లయ్యాక పిడికిళ్లు కొలిస్తే, తక్కువ బరువుతో పుట్టినవాళ్ల పట్టు తక్కువగా ఉంది. అరవై ఏళ్ల క్రితం తల్లికడుపులో పడ్డ లోటు కూడా చేతిలో రాసి ఉంటుందన్నమాట. హస్తరేఖలు చూసేవాళ్లకి ఇది చెప్పాలి.

ఇక్కడే అసలు చిక్కు. అదే పరిశోధకులు 2016లో దేశాలవారీ పట్టిక వేశారు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా అడుగున. యూరపు, ఉత్తర అమెరికా పైన. చూడగానే నా ఒళ్లు జలదరించింది. పెరోన్ పట్టికే! రెండు వందల ఏళ్ల తర్వాత అవే మెట్లు.

కానీ చూడండి, ఒకే అంకెని రెండు రకాలుగా చదవొచ్చు. పెరోన్ చదివినట్టు చదివితే అది మన పుట్టుక. హెర్ట్‌ఫర్డ్‌షైర్ నర్సుల పుస్తకంతో కలిపి చదివితే అది మన అమ్మమ్మల ఆకలి. రెండో రకంగా చదివేటప్పుడు కూడా ఒక ఉచ్చు ఉంది. జబ్బు అనడానికి ఎక్కడో ఒక గీత గీయాలి. యూరపు నిపుణులు ఆడవాళ్లకి 16 కిలోలు, మగవాళ్లకి 27 అన్నారు. ఆసియా నిపుణులు 2019లో 18, 28 అన్నారు. మనవాళ్లకి వేరే గీత కావాలి, ఇంకా కిందికి, అనే వాదన కూడా వినిపిస్తుంటుంది. భారతీయుల చేతులు చిన్నవి, మన సగటు వేరు అని. సగం నిజమే, ఎత్తుని బట్టీ చేతిని బట్టీ పట్టు మారుతుంది. కానీ ఎవరి సగటు? తరతరాలుగా సరిగ్గా తినని వాళ్లందర్నీ కలిపి సగటు తీసి, ఇదే వీళ్లకి మామూలు అని గీత గీస్తే ఏమవుతుంది? అమ్మ పాసైపోతుంది. ఆమె ఆకలి ఆరోగ్యమైపోతుంది. గీత పైన పెడితే ఊరంతా రోగిష్టి అంటారు, కింద పెడితే ఊరంతా బాగుందంటారు. నాకైతే రోగిష్టి అనిపించుకోవడమే మేలనిపిస్తోంది. కనీసం అప్పుడు గుడ్డు అడగొచ్చు.

మన దేశంలో 2017–18లో 45 ఏళ్లు దాటినవాళ్లూ వాళ్ల జీవిత భాగస్వాములూ కలిపి 72 వేల మందికి పైగా ఇళ్లకెళ్లి చేసిన లాసీ సర్వేలో పిడికిలి బలం కూడా కొలిచారు. ఆ సర్వేలో కులం అడిగారు, ఆస్తి అడిగారు, చదువు అడిగారు. మీలో స్టాటిస్టిక్స్, సోషియాలజీ, పబ్లిక్ హెల్త్ చదివేవాళ్లున్నారు. ఆ డేటా పరిశోధకులు అడిగితే ఇస్తారు. కులం పక్కన పిడికిలి పెట్టి చూడండి. ముక్కు పట్టికలతో బాబాసాహెబ్ ఏం చేశారో గుర్తుపెట్టుకుని చూడండి. నాకు లెక్కలు రావు, తెలుగు మేష్టర్ని. వాక్యాలు కావాలంటే నేను దిద్దిపెడతాను.

అమ్మ సంగతి చెప్పి ఆపుతాను.

ఆ 12 చూసి పెద్ద డాక్టరు ఆపరేషన్ పది రోజులు వెనక్కి జరిపారు. ముందు తిండి అన్నారు. రోజూ గుడ్లు, పాలు, పప్పు, డబ్బాలోంచి కలిపే పొడి ఒకటి. అమ్మకి పొడి నచ్చలేదు. మిరపకోతలు మొదలయ్యాయి, పది రోజుల కూలి పోయిందని రోజూ లెక్కపెట్టింది. పదో రోజు పొద్దున ఆ అమ్మాయి మళ్లీ పెట్టెతో వచ్చింది. అమ్మ ఈసారి అడగకుండానే కుర్చీలో కూర్చుని మోచెయ్యి పక్కకి ఆనించింది. పళ్లు బిగబట్టి పిసికింది.

14.

"పద్నాలుగంటే పాసయినట్టేనా మేడం?" అంది.

"ఇంకా లేదు పెద్దమ్మా. పెరిగింది మాత్రం." తర్వాత నాతో పక్కకి వచ్చి, రెండు కిలోల తేడా అంటే అలవాటు వల్ల కూడా రావచ్చు సార్, మరీ సంబరపడొద్దు అని చెప్పింది. నిజం చెప్పినందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

మంగళవారం ఆపరేషన్ అయింది. సాయంత్రం మత్తు దిగుతూ ఉండగా అమ్మ కళ్లు తెరవకుండానే నా రెండు వేళ్లు పట్టుకుంది. నేను లాక్కుందామని చూస్తే రాలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంది. పొద్దున గుడ్డు తినమంటే ఇంకా పేచీ పెడుతూనే ఉంది. వచ్చే భాగం తలల మీద రాస్తాను, ఈసారి ఖాయం.